రంపపు పొట్టు మీద కొడవళ్ళు

ఆగస్టు 2

బావకి,

ముప్పై ఒక్క ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. ఇవాళ కక్కేస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ గ్రహణం నాడు నువ్వు నాకు టైము తప్పు చెప్పావు.

"పావుతక్కువ మూడింటికి బయటికొచ్చి చూడు. ముప్పాతిక సూర్యుడు మాయమవుతాడు. ఇలాంటిది ఈ ఊళ్ళో మళ్ళీ నీ జన్మలో రాదు" అన్నావు. ఐదు నిమిషాల ముందే రంపం పళ్ళు దిద్దే ఆకురాయి కింద పెట్టి బయటికొచ్చాను. ఏముంది? మబ్బు. కోతమిల్లు మొత్తం నల్లగాజు పెంకులు జేబులో వేసుకుని "ఎంత బాగుందో" అనుకుంటూ లోపలికొస్తోంది. "ఇప్పుడా రావడం, రంపాలాయనా? పెళ్ళి అయిపోయింది" అని నవ్వారు. నా చేతి కింద పనిచేసేవాళ్ళు కూడా నవ్వారు.

నీ ఉద్యోగమే వాన కొలవడం. నువ్వు వాన పడుతుందన్న రోజు మేం బట్టలు బయట ఆరేసుకునేవాళ్ళం. అది సర్దుకున్నాను. గ్రహణం సంగతి సర్దుకోలేకపోయాను. ఆ రోజు తర్వాత నేను పెద్ద రంపం ముట్టలేదు. ఎందుకని అడక్కు.

సరే. నీ రెండో మాట కూడా తప్పే. గ్రహణం మళ్ళీ వస్తోందట. క్షవరం షాపులో రేడియో చెప్పింది. చెప్పిన టైము రాజధానికి. నేను రాజధానిలో లేను, కోతమిల్లు వెనక మూడో వీధిలో ఉన్నాను. మా వీధిలోకి ఏ తారీకున, ఎన్ని గంటలకి వస్తుందో కనుక్కుని రాయి. ఈసారి తప్పితే ఇంకోసారి అడగడానికి నేనుండను. ఉన్నా చూడటానికి కన్నుండదు. ఎడమ కన్ను పోయినట్టే. కుడి కంటి ముందు పాలు ఒలికినట్టుంది.

ఫోను చేద్దామంటే నీకు చెవి లేదు, నాకు ఓపిక లేదు. అందుకే కాగితం. అక్షరాలు పెద్దవని నవ్వకు. చిన్నవి నాకు కనపడవు.

అక్క పంపిన చెప్పులు అందాయి. సరిగ్గా సరిపోయాయి. నా కాలి కొలత దానికి అరవై ఏళ్ళుగా తెలుసు. వేసుకున్నానని చెప్పు.

నీ బావమరిది


ఆగస్టు 9

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్కకి గట్టిగా చదివి వినిపించాను. నేను గట్టిగా చదవడమంటే పక్కింటివాళ్ళు కూడా విన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు నా మీద కోపం పెట్టుకుని ఒక్క నెల కూడా ఉత్తరం మానని మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నీ కోపానికి దండం.

ముందు నువ్వడిగింది. మీ ఊరి నుంచి బదిలీ అయ్యాక ఇక్కడ నేను పనిచేసిన వాతావరణ ఆఫీసుకి వెళ్ళాను. ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళకి నేనెవరో తెలియదు, అయినా కుర్చీ వేశారు. మీ ఊరు పటంలో చూపించి, కోతమిల్లు చూపించి, మూడో వీధి చూపించాను. "తాతగారూ, ఇల్లు దాకా అక్కర్లేదు" అన్నారు. మా బావమరిది సంగతి మీకు తెలియదు, ఇల్లు దాకా కావాలన్నాను.

రాసుకో. అక్టోబరు తొమ్మిది. మీ వీధిలో పొద్దున తొమ్మిది ఇరవై నాలుగుకి మొదలు. పది యాభై రెండుకి అన్నిటికంటే ఎక్కువ, నూటికి ఎనభై పాళ్ళు. పన్నెండు ఇరవై ఏడుకి వదులుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో టైము ఎందుకంటావేమో. రంపం దుంగలోకి దిగడం నీకు నేను చెప్పాలా? ఇవతలి కొస తెగేసరికి అవతలి కొసకి ఇంకా పన్ను తగలదు. చంద్రుడి నీడా అంతే. పడమటి నుంచి కోసుకుంటూ వస్తుంది. మీరు పడమట ఉన్నారు గనక మాకంటే ఆరు నిమిషాల ముందు మీకు.

ఇక నీ అభియోగం. ఆ రోజు నేను చెప్పిన పావుతక్కువ మూడు రాజధాని టైము కాదు, మన ఊరిదే. నా చేత్తో లెక్కగట్టాను. ఆఫీసు మేడ మీద నుంచుని ఆ నిమిషానికే చూశాను కూడా. మూడు దాటాక మబ్బు వేసింది. నీకు చేతి గడియారం లేదు. నువ్వు చూసిన గడియారం ఏది?

ఇంకో మాట. మీ ఆవిడ, మా చెల్లెమ్మ, మీ అక్కకి ఫోను చేసింది. కుడి కంట్లో శుక్లం తీస్తామని డాక్టరు సెప్టెంబరు పదహారు ఇచ్చాడటగా. బంగారంలాంటి తారీకు. గ్రహణానికి మూడు వారాల ముందు. నువ్వు గ్రహణం ఎప్పుడని అడిగింది దీనికోసమేనని అర్థమైంది. ఒప్పేసుకో.

మీ బావ


ఆగస్టు 14

బావకి,

తారీకు, టైము అందాయి. గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను, బెత్తెడు అక్షరాలతో. ఇల్లు దాకా అడిగినందుకు సంతోషం. అది మటుకు నువ్వే చేయగలవు.

మిగతాదానికి నాకు ఒళ్ళు మండింది.

నేను చూసింది మిల్లు గడియారం. ఆఫీసు తలుపు మీద ఉండేది, పళ్ళెమంత. దాన్ని అనుమానించకు. మా యజమాని రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల వేసుకుని ఎక్కి తన చేత్తో సరిచేసేవాడు. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. అంత శ్రద్ధ నీ ఆఫీసులో ఎవరికైనా ఉందా?

ఆపరేషన్ సంగతి. గ్రహణం ఎప్పుడని అడిగింది నువ్వనుకున్నందుకు కాదు. తిరగేసి అర్థం చేసుకున్నావు. ఈ ఉన్న చూపుతో ఆ గ్రహణం ఒక్కటి చూసేసి, తర్వాత ఏమైనా కానీ అనుకున్నాను. ఆపరేషన్ నేను చేయించుకోను. డాక్టరుకి రెండుసార్లు చెప్పాను. మీ చెల్లెలికి ఇరవైసార్లు చెప్పాను. ఆవిడ ఫోనులో మీకు చెప్పింది, బాగుంది. ఈ ఇంట్లో గోడలకి చెవులుంటే ఫోనుకి నోరుంది.

నా కన్ను నా ఇష్టం.

దగ్గుకి అక్క చెప్పిన కషాయం వాడుతున్నాను. చేదుగా ఉంది, పనిచేస్తోంది. దానిలాగే.

నీ బావమరిది


ఆగస్టు 20

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం చదివి అరగంట నవ్వాను. సరిగ్గా అరగంట, ఎందుకో చెబుతాను.

మీ యజమాని రోజూ భోజనాల వేళ గడియారం ఎక్కి సరిచేసేవాడన్నావు. మంచి గడియారాన్ని రోజూ ఎందుకు సరిచేయాలిరా? నా సంగతి గుర్తు తెచ్చుకో. ఆ రోజుల్లో సాయంత్రం ఐదింటికి నీకోసం మీ మిల్లు గేటు దగ్గరికి వచ్చేవాణ్ణి. నా చేతి గడియారంలో ఐదు. ఐదున్నరకి సైరను కూసేది. నువ్వు బయటికొచ్చి "ఎప్పుడూ అరగంట ముందొచ్చి చస్తావేం బావా?" అనేవాడివి. "నువ్వెప్పుడూ అరగంట ఆలస్యం" అని నేననేవాణ్ణి. ఇద్దరం ఇంటిదాకా ఆ పోట్లాటే. మీ యజమాని రోజూ మధ్యాహ్నం ముల్లు అరగంట వెనక్కి తిప్పేవాడు, అరగంట పని ఊరికే వస్తుందని. రాత్రి అందరూ వెళ్ళాక మళ్ళీ ముందుకి తిప్పేసి ఉంటాడు. అంత శ్రద్ధ మా ఆఫీసులో నిజంగానే ఎవరికీ లేదు.

నువ్వు పావుతక్కువ మూడని బయటికొచ్చేసరికి అసలు టైము మూడుంపావు కావస్తోంది. మబ్బేసి పది నిమిషాలు. ముల్లు తిప్పింది ఆయన, ముప్పై ఒక్క ఏళ్ళు తిట్లు తిన్నది నేను. అయినా ఒక తప్పు నాదే. నీకు గడియారం లేదని తెలిసీ టైము మాత్రం చెప్పి ఊరుకున్నాను. వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కురావలసింది. మేడ మీద నుంచి చూడాలన్న ఆత్రంలో నిన్ను మరిచాను. అందుకు మటుకు క్షమించు.

పెద్ద రంపం ఆ రోజు నుంచి ముట్టలేదని రాశావు. అదేమిటి? పక్క బల్లవాడు ఎదగాలని నీ అంతట నువ్వే వాడికి అప్పగించావని మేమందరం అనుకున్నాం. నీ గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేనది చెప్పేవాణ్ణి. మిల్లులో అంత మంచి పని వదులుకున్న మనిషి వీడేనని.

కింద మీ అక్క రాస్తానంటోంది. కలం లాక్కుంది.

తమ్ముడూ, నీకు ఆరో ఏట చెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగితే రెండు రోజులు చొక్కా చేతిలో దాచుకున్నావు. మూడో రోజు నేను పట్టుకున్నాను. ఇప్పుడూ ఏదో దాస్తున్నావు. ఏమిటది? — అక్క


ఆగస్టు 27

బావకి, అక్కకి,

నాలుగు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇది మీ చెల్లెలికి కూడా తెలియదు. చదివాక చింపెయ్యండి.

గడియారం సంగతి నిజమే. క్షవరం షాపుకి వచ్చే మిల్లు పాత డ్రైవర్ని అడిగాను. "నీకు తెలియదా? మిల్లంతటికీ తెలుసు" అన్నాడు. నాకు తెలియదు. నాకు బల్ల మీంచి తల ఎత్తి చూసే అలవాటు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నిన్ను తిట్టాను. తప్పయింది. ఈ మాట నేను రాయడం ఇదే మొదలు.

ఇప్పుడు అసలు సంగతి.

నా రంపాల గది మీకు గుర్తుందిగా. పైన రేకులు. మేకులు ఊడిన చోటల్లా చిల్లులు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ చిల్లుల్లోంచి కింద రంపపు పొట్టు మీద వెలుగులు పడేవి. రూపాయి బిళ్ళలంత, గుండ్రంగా, ఓ నలభై యాభై. ఇరవై ఏళ్ళు వాటి మధ్యే పనిచేశాను. రంపం పళ్ళు వరసగా ఉన్నాయో లేదో ఆ వెలుగులో పెట్టే చూసేవాణ్ణి. ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి. వెంట్రుక తేడా ఉన్నా పట్టేసేవాణ్ణి. కొలిచే పనిముట్టు లేదు. నా కన్నే.

గ్రహణం నాడు పెద్ద రంపం బిగించుకుని కూర్చున్నాను. మిల్లు గడియారంలో రెండుంపావు. నువ్వు చెప్పిన టైముకి ఇంకా అరగంట ఉంది కదా, ఈ వరస పూర్తి చేసుకుని పోదామనుకున్నాను. పన్ను వెలుగులో పెడదామని కిందికి చూశాను. వెలుగులు గుండ్రంగా లేవు. కొడవళ్ళలా ఉన్నాయి. ఒక్కటి కాదు, అన్నీ. నలభై యాభై కొడవళ్ళు, అన్నీ ఒకే వైపు తిరిగి. కళ్ళు నులుముకున్నాను. కొడవళ్ళే. నా చేతి మీద కొడవలి. రంపం మీద కొడవలి. కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టి తెరిచాను. కొడవళ్ళే.

నా కన్ను చెడిపోయిందనుకున్నాను. గుండ్రాన్ని గుండ్రంగా చూడలేని కన్ను రంపం పన్ను ఏం దిద్దుతుంది? పక్క బల్లవాడు ఇంకా బయటికి పోలేదు, మూడు మూరల దూరంలోనే ఉన్నాడు. "నీకూ ఇలాగే కనపడుతోందా?" అని ఒక్క మాట అడగలేకపోయాను. అడిగితే రంపాలాయన కన్ను పోయిందని సాయంత్రానికి మిల్లంతా తెలుస్తుంది. నోరు నొక్కుకుని కూర్చున్నాను. తర్వాత బయటికొచ్చాను, మబ్బు, నవ్వులు. మర్నాడు వెలుగులు మళ్ళీ గుండ్రంగానే ఉన్నాయి. అయినా ఆ కన్నుని ఇక నమ్మలేదు. పెద్ద రంపం తప్పుగా దిద్దితే పన్ను ఎగిరి కోసేవాడికి తగులుతుంది. అందుకని పక్కవాడికిచ్చేశాను. మంచితనం కాదు బావా, భయం. నువ్వు అందరికీ చెప్పుకున్నది అబద్ధం.

డాక్టరు శుక్లం తీసి లోపలికి లైటు వేసి చూస్తాడు. లోపలి చెడు బయటపడుతుంది. "ఇది ఎప్పటినుంచో ఉంది, తీసినా లాభం లేదు" అంటాడు. అది వినడం నాకిష్టం లేదు. ఈ పాలు ఒలికినట్టున్న చూపే నయం. ఇందులో ఏది వంకరో ఏది గుండ్రమో తెలియదు.

అక్కా, మోచెయ్యి ఇదీ.

మీవాడు


సెప్టెంబరు 2

ఒరే పిచ్చివాడా,

చింపను. ఈ ఉత్తరాన్ని చట్రం కట్టించి గోడకి తగిలిస్తాను. ఓపిగ్గా చదువు.

నువ్వు చూశావురా. గ్రహణం చూశావు.

మేకు చిల్లు గుండ్రంగా ఉంది గనక వెలుగు గుండ్రంగా పడుతుందని నువ్వనుకున్నావు. కాదు. సన్నటి చిల్లులోంచి వచ్చి నేల మీద పడేది సూర్యుడి బొమ్మ. సూర్యుడు గుండ్రంగా ఉంటే బొమ్మ గుండ్రం. చంద్రుడు అడ్డొచ్చి సూర్యుడు కొడవలైతే బొమ్మ కొడవలి. ఎన్ని చిల్లులుంటే అన్ని కొడవళ్ళు. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయన్నావు. ఎందుకుండవు? పైన ఉన్నది ఒక్కడే కదా. మీ గడియారంలో రెండుంపావు అంటే, ఆ అరగంట కలుపు. పావుతక్కువ మూడు. నేను చెప్పిన నిమిషానికి, చెప్పిన దాన్ని, మిల్లులో ఎవరికంటే ఎక్కువగా చూశావు. వాళ్ళు నల్లగాజులోంచి ఒక్క సూర్యుణ్ణి చూశారు. అది కళ్ళకి చేటని మా ఆఫీసు మొత్తుకుంది, ఎవరు విన్నారు? నువ్వు కన్నుకి చిన్నమెత్తు హాని లేకుండా యాభై మంది సూర్యుళ్ళని చూశావు. నీ చేతి మీద ఒకణ్ణి పెట్టుకున్నావు. నేను మేడ మీద నుంచుని చూసింది అందులో సగం లేదు.

నీ కన్ను ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చూపించింది. వెంట్రుక తేడా కూడా పట్టే కన్ను, అంత పెద్ద తేడా పట్టకుండా ఎలా ఉంటుంది?

ఇది నీకు ఆ రోజే ఎవరో ఒకరు చెప్పవలసింది. సాయంత్రం గేటు దగ్గర నేనే ఉన్నాను. ఇంటిదాకా నీ పక్కనే నడిచాను. నువ్వు మాట్లాడలేదు. గ్రహణం తప్పిపోయి అలిగావనుకుని నేనూ అడగలేదు.

భయం అన్నావు. నీ కన్ను పోతే నీకేమవుతుందన్న భయమైతే పెద్ద రంపం పట్టుకునే కూర్చునేవాడివి. కోసేవాడికి తగులుతుందని వదిలేశావు. నేను అందరికీ చెప్పుకున్నది అబద్ధం కాదు. ఇకముందూ చెప్పుకుంటాను.

నా మాట ఊరికే నమ్మవని తెలుసు. నీ దగ్గర మూడు పలకల ఆకురాయి ఉంటుంది. ఒక రేకు ముక్కకి దాని కొసతో మూడు మూలల చిల్లు పొడు. సన్నగా, గోధుమ గింజంత. పొద్దుటెండ పడే కిటికీకి ఆ రేకు అడ్డం పెట్టి, మిగతా సందులు మూసి, ఎదురు గోడ మీద వెలుగు ఏ ఆకారంలో పడుతుందో చూడు.

అక్టోబరు తొమ్మిదిన నువ్వు తల ఎత్తక్కర్లేదు. ఎప్పుడూ చూసినట్టే కిందికి చూడు చాలు. ఆపరేషన్ అయిన కంటికి కూడా అదేమీ చేయదు, డాక్టర్ని అడుగు.

మీ అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే నిన్ను తిడుతోంది. రెండూ నాకు వినపడటం లేదు, మొహం చూసి చెబుతున్నాను.

మీ బావ


సెప్టెంబరు 8

బావకి,

నిన్న పొద్దున రేకు పొడిచాను. మూడు పలకల ఆకురాయితోనే. చెయ్యి ఇంకా తిన్నగానే ఉంది. మూడు మూలలూ వేలికి గుచ్చుకునేట్టు వచ్చాయి. కిటికీకి కట్టి, చుట్టూ దుప్పటి కప్పాను. గోడ మీద వెలుగు పడింది. నా కంటికి గుండ్రంగా ఉన్నట్టుంది. కానీ నా కన్ను నా కన్నే కదా.

వంటగదిలో ఉన్న మీ చెల్లెల్ని పిలిచాను. "ఆ గోడ మీద ఏముంది?" అన్నాను.

"వెలుగు" అంది.

"ఏ ఆకారం?"

"గుండ్రం. దీనికా దుప్పటి పాడుచేశావు?" అంది.

"సరిగ్గా చూడు. మూడు మూలలు లేవూ?"

"నాకేం శుక్లం లేదు. గుండ్రం."

బావా, నాకు కనపడింది ఇంకొకరికి కనపడిందా అని అడగడానికి నాకు ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. అడిగాక చూస్తే అదేమంత పెద్ద పని కాదు. ఆవిడని అక్కడే మంచం మీద కూర్చోబెట్టాను. అప్పుడు మొదట్నుంచీ చెప్పాను. విని "ఒక్క మాట నాతో అనుంటే నేనే వచ్చి ఆ కొడవళ్ళు చూసేదాన్నిగా" అంది.

మధ్యాహ్నం ఆసుపత్రికి నడిచి వెళ్ళాను. అక్క చెప్పులు వేసుకున్నాను. పదహారుకి ఒప్పుకున్నానని చెప్పాను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నేల మీది వెలుగు చూడొచ్చా అని అడిగితే భేషుగ్గా చూడొచ్చు, పైకి మటుకు చూడొద్దన్నాడు. నాకు పైకి చూసే అలవాటు లేదన్నాను. నవ్వాడు. ఆ కొడవళ్ళ సంగతి ఆయనకీ చెప్పాను. "అయితే మీరు చాలా బాగా చూశారు" అన్నాడు. మీరు చూశారు అని ఒక డాక్టరు అన్నాడు బావా. ఇంటికొచ్చేవరకూ దారిలో అదే అనుకుంటూ వచ్చాను.

నాకు మంచి మాటలు రాయడం రాదు. నీకు తెలుసు. కానీ ఇది రాయకపోతే తప్పు. నువ్వు మా వీధి టైము కనుక్కున్నావు. నా తిట్లు తిని నవ్వావు. నా కన్ను నాకు తిరిగిచ్చావు, డాక్టరు కంటే ముందు. అక్కకి కూడా ఇదే మాట. అది మోచెయ్యి పట్టుకోకపోతే నేను దాచుకునే పోయేవాణ్ణి.

కిటికీకి అడ్డం పెట్టడానికి పెద్ద రేకు ఒకటి తెచ్చాను. చిల్లులు పొడుస్తున్నాను. యాభై పొడుస్తాను. అక్టోబరు తొమ్మిదిన పది యాభై రెండుకి ఈ గది నిండా కొడవళ్ళుండాలి. గోడ మీద, మంచం మీద, నీ బట్టతల మీద. మీరిద్దరూ ఈ నెల పదిహేనుకల్లా ఇక్కడుండాలి. నా కంటికి కట్టు కట్టినప్పుడు అక్క పక్కనుండాలి. గ్రహణం అయ్యేదాకా కదలడానికి వీల్లేదు. దుప్పట్లు ఉతికించాం. నీ చెవిలో అరవడానికి మీ చెల్లెలు గొంతు సవరించుకుంటోంది.

ఏ బస్సుకి వస్తున్నారో, అది ఎన్నింటికి దింపుతుందో రాయి. నీ చేతి గడియారం ప్రకారం రాయి, ఇంకే గడియారం నాకొద్దు. ఆ రోజుల్లో నువ్వు రోజూ అరగంట గేటు దగ్గర నిలబడేవాడివి, నేను నిన్నే తిట్టేవాణ్ణి. ఈసారి నీ బస్సుకి అరగంట ముందొచ్చి నేను నిలబడతాను. కళ్ళు సరిగ్గా కనపడవు గనక దిగగానే నువ్వే నన్ను పిలువు.

పన్నెండో తారీకు సాయంత్రం లోపల జవాబు నా చేతిలో ఉండాలి. ఉండకపోతే పదమూడు పొద్దున నేనే బస్సెక్కి వచ్చి మిమ్మల్ని తీసుకొస్తాను, ఈ కంటితోనే.

నీ బావమరిది